ఒకే చేతి బిడ్డలు

నేను చేసింది భక్తో భయమో ముప్పై మూడేళ్ళపాటు నాకు తేలలేదు. పొద్దున్నే దేవుడి పటం ముందు దీపం వెలిగించినప్పుడల్లా ఆ సందేహం కూడా నాతోపాటే వచ్చి పక్కన నిలబడేది. దేవుడి మాట విన్నాననుకుని మనుషుల మాటే విన్నానేమో. ఒకవేళ అది నిజంగా దేవుడి మాటే అయితే, వినడానికి నాకు అంత కష్టమెందుకయింది?

నాకు పదిహేడేళ్ళప్పుడు, కుంకుమపువ్వు కోతల్లో, మా పక్క పొలం స్టెర్యానీ కొడుకు అర్గిరిస్ నన్ను పెళ్ళి చేసుకుంటానని అందరి ముందూ వాళ్ళమ్మతో అన్నాడు. పువ్వులు ఒలిచే బల్ల చుట్టూ పదిమందిమి కూర్చుని ఉన్నాం. స్టెర్యానీ చేతిలో పువ్వు కింద పెట్టి సిలువ గుర్తు వేసుకుంది.

"నోరు కడుక్కోరా. వాయా నీకు చెల్లెలు. నిన్నూ దాన్నీ దేవుడికిచ్చినవి ఒకే చేతులు."

ఆ చేతులు డోమ్నావి. చర్చిలో జ్ఞానస్నానం రోజు నాకు నూనె రాసి, నా తరఫున దేవుడికి మాటిచ్చిన జ్ఞానతల్లి డోమ్నా. జ్ఞానతల్లిని మేం నూనా అని పిలుస్తాం. ఊరికి మంత్రసాని కూడా ఆవిడే. అర్గిరిస్ పుట్టిన రోజు దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి, ఫాదర్ రాలేకపోయాడు. బిడ్డ నీలంగా, ఏడుపు లేకుండా పుట్టాడు. అలాంటప్పుడు దగ్గరున్నవాళ్ళు బిడ్డను మూడుసార్లు గాలిలోకెత్తి, తండ్రి కుమార పవిత్రాత్మల పేరు చెప్పి, బిడ్డకొక పేరు పెట్టాలి. పేరు లేకుండా పోకూడదు కదా. డోమ్నా ఎత్తింది. మూడోసారి ఎత్తినప్పుడు బిడ్డ కేరుమన్నాడు. నెల తర్వాత చర్చిలో నూనె రాసింది అప్పుడు ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న ఒక పోలీసాయన. వారం తిరక్కుండానే బదిలీ అయి వెళ్ళిపోయాడు, మళ్ళీ మొహం చూపించలేదు. స్టెర్యానీ ఆయన ఊసే ఎత్తకుండా డోమ్నానే కొడుక్కి నూనా అని పిలిచింది, ఊరూ అలాగే పిలిచింది. ఒకే నూనా చేతి బిడ్డలంటే అన్నాచెల్లెళ్ళు. వరస కలవదు. మాలో చిన్నపిల్లలకి కూడా ఇది తెలుసు.

అప్పటి ముసలి ఫాదర్‌ని అడిగితే "అనుమానం ఉన్నచోట దూరంగా ఉండటమే మంచిది" అన్నాడు. ఆ రోజు బల్ల దగ్గరే ఉన్న డోమ్నా ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఆ చలికాలంలోనే అర్గిరిస్ బొగ్గు గనుల్లో పనికి వెళ్ళిపోయాడు. గనులు మా ఊరికి బస్సులో గంట దూరం. అంత దగ్గరుండి కూడా ఊరి మొహం చూడలేదు. తల్లే వెళ్ళి చూసొచ్చేది.

నేను లాజరోస్‌ని చేసుకున్నాను. మంచివాడు. పిల్లలు కలగలేదు. ఒకరి మనసు ఒకరం నొప్పించుకోకుండా ఇరవై రెండేళ్ళు బతికాం, మాట్లాడుకున్నదీ తక్కువే. ఇప్పుడు నేను చెప్పే కోతల నాటికి ఆయన పోయి తొమ్మిదేళ్ళు. డోమ్నా కాలు జారి పడ్డాక ఆవిడనూ నా దగ్గరికే తెచ్చుకున్నాను. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. పగలంతా పొయ్యి పక్కన కునికేది. నేను ఇద్దరికీ వండి, ఒక్కదాన్నే తినేదాన్ని.

ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. పడిన మూడో రోజు పొద్దున్న పొలానికి వెళ్ళేసరికి నేలంతా ఊదారంగు. కుంకుమపువ్వు ఎవరి కోసమూ ఆగదు. విచ్చుకున్న రోజే కొయ్యాలి, కోసిన రోజే ఒలవాలి. ఇక మూడు వారాలపాటు ఎవరి నడుము వాళ్ళది కాదు.

పక్క పొలంలో ఎవరో మోకాళ్ళ మీద పాకుతూ కోస్తున్నారు. స్టెర్యానీ వేసవికి ముందే పోయింది కాబట్టి, కూలికొచ్చిన మనిషనుకున్నాను.

"అలా పాకితే దుంపలు నలిగిపోతాయి. నడుం వంచి కొయ్యాలయ్యా" అన్నాను.

అతను తలెత్తాడు. జుట్టు సగం పోయింది, కళ్ళజోడు వచ్చింది. గడ్డం కింద చిన్నప్పటి మచ్చ మాత్రం అలాగే ఉంది.

"ముప్పై ఏళ్ళు యంత్రంలో కూర్చుని మట్టి తవ్విన నడుం ఇది, వాయా. వంగమంటే తిడుతోంది."

నా చేతిలో బుట్ట ఉంది. దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"మీ అమ్మ పోయినప్పుడు రాలేకపోయాను. జ్వరం" అన్నాను. జ్వరం ఏమీ లేదు.

"తెలిసింది" అన్నాడు. జ్వరం సంగతో, లేదన్న సంగతో. "గని మూసేశారు. అమ్మ వేసిన దుంపలు కదా, ఈ ఒక్క కోతా కోసి వెళ్దామని వచ్చా."

"ఒలిచేవాళ్ళున్నారా?"

"నేనున్నాగా. పది వేళ్ళు."

"నువ్వు ఒలిస్తే క్రిస్మస్‌కి తేలుతుంది. మధ్యాహ్నం బుట్టలు మా ఇంటికి తీసుకురా."

పొరుగు పొలానికి చెయ్యందించడం మాలో ఉన్నదే, స్టెర్యానీకీ అందించాను. అయినా ఇంటికొచ్చేవరకూ నాకు నేనే ఆ మాట చెప్పుకుంటూ వచ్చాను.

మా బల్ల దగ్గర నేనూ, డోమ్నా, లాజరోస్ చెల్లెలు జోయిత్సా. జోయిత్సా నోటికి తాళం లేదు. అర్గిరిస్ గుమ్మంలో రెండు బుట్టలతో నిలబడగానే మొదలుపెట్టింది.

"వదినా, మగమనిషి వస్తున్నాడని ముందే చెబితే జుట్టుకి రంగేసుకొచ్చేదాన్ని కదా!"

"వద్దులే జోయిత్సా. నాకా జుట్టే లేదు, నీది చూస్తే కుళ్ళుకుంటాను" అన్నాడు అతను.

డోమ్నాకి చెవులు మందగించాయి కానీ వేళ్ళు కాదు. పువ్వు విప్పి, మధ్యలో ఎర్ర పోగులు మూడూ ఒక పక్కకి, పసుప్పచ్చ పోగులు ఇంకో పక్కకి, రేకులు కిందకి. కళ్ళు మూసుకునే చేసేది. అర్గిరిస్ చేతులు చూసి మొహం చిట్లించింది.

"అవేం వేళ్ళురా, పార కర్రల్లా?"

"ఇన్నేళ్ళూ తిండి పెట్టింది ఈ పార కర్రలే, నూనా."

"మరి పువ్వుని తవ్వకు. విప్పు."

అందరం నవ్వాం. మా వంటింట్లో నలుగురు ఒకేసారి నవ్వి ఎన్నేళ్ళయిందో. అతను ఒక పువ్వు ఒలిచేలోగా నేను ఎనిమిది ఒలిచేదాన్ని. వారం తిరిగేసరికి మూడు. మాటల్లో మాటగా తన సంగతీ చెప్పాడు. పెళ్ళయింది, ఒక కూతురు, పదేళ్ళ కిందట విడిపోయారు. "ఆవిడ తప్పేం లేదు. నేనే ఇంట్లో ఉండీ లేనట్టుండేవాణ్ణి" అన్నాడు, ఎర్ర పోగులు లెక్క తప్పకుండా పక్కకి జరుపుతూ. నేను తల ఎత్తలేదు. నా ఇంటి సంగతి కూడా ఎవరో చెబుతున్నట్టే ఉంది.

చీకటి పడకముందే వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. కప్పులు కడిగేటప్పుడు నాలుగో కప్పు చేతికి తగిలేది. అంతకుముందు తొమ్మిదేళ్ళూ ఇల్లు నిశ్శబ్దంగానే ఉంది, అది నాకు అలవాటే. ఇప్పుడేమో నిశ్శబ్దం మొదలయ్యే క్షణం ఒకటి కొత్తగా వచ్చింది. గుమ్మం వేసిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. దానికి అలవాటు పడటం చేతకాలేదు.

సెయింట్ డిమిత్రియోస్ పండుగ రోజు పూజయ్యాక అందరం చర్చి నుంచి నేరుగా పొలాలకే వెళ్ళాం. పండుగ పూట పని చెయ్యకూడదంటారు. పువ్వుకి పండుగ తెలియదు, దాన్ని అలా పుట్టించింది ఆయనే కాబట్టి ఆయనే సర్దుకోవాలని నేను ఎప్పుడూ అనుకుంటాను. అర్గిరిస్ గట్టు మీదికి వచ్చి, చర్చిలో పంచిన రొట్టెముక్క సగం విరిచి నాకిచ్చాడు.

"సోలార్ పలకలు పెట్టేవాళ్ళు ఈ పొలం అడుగుతున్నారు. కోతలయ్యాక వచ్చే సోమవారం సంతకం. ఆ తర్వాత థెస్సలొనీకి పట్నంలో మా అమ్మాయి దగ్గరికి."

"మంచిదే."

"మంచిదేనా?"

నేను రొట్టె నములుతూ ఉన్నాను.

"అప్పుడు మా అమ్మని అడిగాను, పొరపాటు చేశాను. ఇప్పుడు నిన్నే అడుగుతున్నా. నన్ను చేసుకుంటావా? పొమ్మంటే సంతకం పెట్టి పోతాను. ఉండమంటే పొలం అమ్మను."

"మనం ఒకే చేతి బిడ్డలం, అర్గిరిస్."

"అని ఎవరన్నారు?"

"మీ అమ్మ. ఫాదర్. ఊరు."

"ఆ ఫాదర్ తర్వాత ఇద్దరు మారారు. మళ్ళీ ఎవరినైనా అడిగావా?"

"నువ్వడిగావా?"

"నాకు నువ్వు సరేనంటే చాలు, నేనెవర్ని అడుగుతాను? అడగాల్సింది నువ్వు. దేవుడితో మాట్లాడే మనిషివి నువ్వు."

ఎగతాళిగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. అవును, నేను అడగలేదు. ఎందుకని? వరస కలవదంటే, ఆ పుండు మళ్ళీ పచ్చిదవుతుంది. కలుస్తుందంటే? అప్పుడు ఈ ముప్పై మూడేళ్ళనూ ఏం చేసుకోవాలి? లాజరోస్‌కి ఏం చెప్పుకోవాలి? అడగకుండా ఉన్నంతకాలం నేను మాట విన్న పిల్లని. అడిగితే ఏమవుతానో తెలియదు.

ఆ ఆదివారం ఇప్పటి ఫాదర్ యాకొవొస్ ఇంటిదాకా వెళ్ళాను. మాలో ఫాదర్లకి పెళ్ళిళ్ళుంటాయి, ఆయన భార్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. "లోపలికి రండమ్మా, ఆయన ఉన్నారు" అంది. తెచ్చిన చిటికెడు కుంకుమపువ్వు పొట్లం ఆవిడ చేతిలో పెట్టి, "చర్చి దీపాల సంగతి అడుగుదామని, తొందరేం లేదు" అని వెనక్కి వచ్చేశాను. దారంతా పువ్వులు కోసేవాళ్ళు వంగిన వీపులతో ఉన్నారు. నన్ను ఎవరూ చూడలేదు. ఎవరైనా చూసి, ఏంటి వాయా ఏడుస్తున్నావు అని అడిగితే బాగుండుననిపించింది.

అది మూడో వారం గురువారం. పువ్వు పలచబడింది. బల్ల దగ్గర నలుగురమే ఉన్నాం. అర్గిరిస్ పళ్ళెం జరుపుతూ మామూలుగానే అన్నాడు.

"నూనా, ఆ బుట్ట ఇటు తొయ్యి."

డోమ్నా తొయ్యలేదు.

"నేను నీ నూనాని కాదురా."

"అదేంటి నూనా?"

"చెవుడు నాకా, నీకా? కాదంటున్నా. నేను దీనికి నూనాని" అని గడ్డంతో నన్ను చూపించింది. "నీకు మంత్రసానిని. నిన్ను ఎత్తానంటే చస్తావని ఎత్తాను. అప్పుడు గదిలో పిల్లి తప్ప ఎవరూ లేరు. పిల్లికి చేతులుంటే అదే ఎత్తేది."

జోయిత్సా పకపకా నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

"మీ అమ్మ నాకు సబ్బూ తువ్వాలూ బాకీ" అంది డోమ్నా.

మాలో బిడ్డ పుట్టిన నలభయ్యో రోజు మంత్రసాని చేతులు కడగాలి. తల్లి నీళ్ళు పోస్తుంది, ఆ ఇంటి ఇంకో ఆడమనిషి తువ్వాలు పడుతుంది. ఆ సబ్బూ తువ్వాలూ తర్వాత మంత్రసానివే. పురుడు రక్తం ఆమె చేతుల మీంచి అలా దిగుతుంది, ఆమె పని అక్కడితో పూర్తవుతుంది. జ్ఞానతల్లికయితే ఇదేం లేదు. ఆవిడ ఇచ్చే మనిషే గానీ పుచ్చుకునే మనిషి కాదు.

"నలభయ్యో రోజు వెళ్ళి కూర్చున్నా. మీ అమ్మ నా మెడ వాటేసుకుని, 'ఇక నువ్వే వీడి నూనావి, మన మధ్య ఇవేంటి' అంది. వాళ్ళదేమో లేని సంసారం. సరేలే అని ఊరుకున్నా. ఈస్టర్‌కి నీకు బూట్లు కూడా కొనిపెట్టా."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ముప్పై మూడేళ్ళ కిందట ఇలాగే బల్ల దగ్గర ఉన్నావు కదా నూనా. ఆ రోజే ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

డోమ్నా పువ్వు ఒలుస్తూనే ఉంది.

"ఎలా చెప్పేది? నేను నూనాని కాదు, మంత్రసానిని అంటే, మరి నా చేతులు కడగండి అని పదిమందిలో అడుక్కున్నట్టు కాదూ? నేను ఎవరినీ ఏదీ అడిగిన మనిషిని కాదు." ఒలిచిన పోగులు పక్కకి జరిపి, మెల్లగా అంది. "స్టెర్యానీయే తెస్తుందనుకున్నా. ఆ ఏడు కాకపోతే పై ఏడు. చెప్పుకుంటూ పోతే నీ పెళ్ళయిపోయింది."

కాసేపటికి నా పళ్ళెం చూసుకుంటే ఎర్ర పోగులూ పసుపువీ అన్నీ ఒకటే కుప్పలో వేసి ఉన్నాను. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ చెయ్యలేదు. మళ్ళీ మొదటినుంచీ ఏరడం మొదలుపెట్టాను. ఆవిడ మీద కోపం వస్తుందని ఎదురుచూశాను. వచ్చింది కూడా. ఆ చేతులు, ఉబ్బిన కణుపులు, గోళ్ళ నిండా పసుపు. వాటి వైపు చూస్తూ ఎంతసేపు కోప్పడగలం?

మర్నాడు పొద్దున్నే ఫాదర్ యాకొవొస్ దగ్గరికి వెళ్ళాను. ఆయన కట్టెలు కొడుతున్నాడు. నాకు కొడుకుంటే ఆ వయసుండేది. ఈసారి దీపాల సంగతి ఎత్తలేదు. నిలబడే అంతా చెప్పాను.

"ప్రాణం పోతున్న బిడ్డని ఎత్తినంత మాత్రాన జ్ఞానతల్లి అయిపోరమ్మా, నాకు తెలిసినంతలో. చర్చిలో నూనె రాసి మాటిచ్చినవాళ్ళే. ఆయనకి రాసింది ఆ పోలీసాయన కదా? చర్చి పుస్తకంలో ఉంటుంది, చూస్తాను. బిషప్ గారికి కూడా ఒక ఉత్తరం రాస్తాను."

"మరి ఆ ఫాదర్ అప్పుడెందుకు చెప్పలేదు?"

"అది నాకు తెలియదు." గొడ్డలి కిందపెట్టాడు. "మీరు మళ్ళీ ఎందుకు అడగలేదో అది మీకే తెలియాలి." తర్వాత సిగ్గుపడినట్టు, "క్షమించండి, అలా అనాల్సింది కాదు" అన్నాడు.

అనాల్సిందే అనుకున్నాను.

శనివారం ఆఖరి కోత. రెండు పొలాలవీ కలిపినా ఒక బుట్ట నిండలేదు. సోమవారం గురించి అర్గిరిస్ మళ్ళీ అడగలేదు, నేనూ ఫాదర్ సంగతి చెప్పలేదు. మధ్యాహ్నం బల్ల దగ్గరికి అందరికన్నా ఆలస్యంగా వచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. చంకలో గుడ్డ మూట.

"పెళ్ళికొడుకులా తయారయ్యాడు చూడు" అంది జోయిత్సా. అని, నాలుక కరుచుకుంది.

అతను మూట డోమ్నా ఒళ్ళో పెట్టాడు. "కొత్తవి కొందామనే బయల్దేరా. డబ్బుల కోసం అమ్మ పెట్టె తెరిస్తే అడుగున ఇది ఉంది."

చేత్తో నేసిన తువ్వాలు, ఎర్ర అంచు. మడతల్లో ఒక సబ్బు, ఎండి, బీటలు వారి, సగానికి సగం కుంచించుకుపోయి ఉంది. డోమ్నా అంచుని వేళ్ళతో తడిమింది.

"స్టెర్యానీ నేతే. ఇక్కడేదో కుట్టుంది, చదువు."

"నేను పుట్టిన సంవత్సరం" అన్నాడు అర్గిరిస్.

అంటే ఆ నలభయ్యో రోజు కోసమే నేసింది. నేసి, మడిచి, సబ్బు పెట్టి, ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో నేను ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాను. సబ్బు చవకరకమని సిగ్గుపడిందా? కొడుక్కి మంచి నూనా దక్కితే చాలనుకుందా? తర్వాత తర్వాత, ఇస్తే నేను కోడలినవుతానని దాచిందా? రోజుకో రకంగా అనిపిస్తుంది. పోయిన మనిషి. మంచిదే అనుకోవడానికి ప్రయత్నిస్తాను.

"దగ్గర పెట్టుకుని ఇవ్వలేకపోయిందన్నమాట, పిచ్చిది" అంది డోమ్నా. తర్వాత చేతులు చాపింది. "తల్లి లేదు, నీళ్ళు నువ్వే పొయ్యి. తువ్వాలు ఎవరు పడతారు?"

జోయిత్సా లేవబోయింది.

"నువ్వు కూర్చో. ఇది మీ ఇంటి బాకీ కాదు. వాళ్ళింటి ఆడమనిషి పట్టాలి."

అర్గిరిస్ కూజా పట్టుకుని నేల చూస్తున్నాడు. నేను పొయ్యి వైపు చూశాను, గోడ మీద లాజరోస్ ఫొటో వైపు చూశాను. జోయిత్సా కూడా అదే చూస్తోందని తెలిసింది. ఆవిడ పువ్వు ఒకటి తీసుకుని విప్పుతూ, తల ఎత్తకుండా అంది.

"చేతులు తుడుచుకో వదినా. తువ్వాలుకి పసుపు అంటుతుంది."

నేను లేచి, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, డోమ్నా ఒళ్ళోంచి తువ్వాలు తీసుకున్నాను.

అతను నీళ్ళు పోశాడు. సబ్బు నురగ రాలేదు. "గట్టిగా రుద్దరా, నీ అంత వయసుంది దానికి" అని డోమ్నా కసిరింది. అతను ఆ పార కర్రల్లాంటి వేళ్ళతో ఆవిడ చేతులు పట్టుకుని రుద్దుతూనే ఉన్నాడు. చాలాసేపటికి ఎక్కడో కొంచెం తెల్లగా కనిపించింది. పళ్ళెంలోకి నీళ్ళు పసుప్పచ్చగా దిగాయి. నేను తువ్వాలు విప్పి ఆవిడ రెండు చేతులూ అందులోకి తీసుకుని, వేలు తర్వాత వేలు, తడి లేకుండా తుడిచాను.

"తీరింది" అంది డోమ్నా.